శ్రీశైలం మట్టంలా తేటగా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

వానాకాలంలో మీ జిల్లా పేజీలో శ్రీశైలం జలాశయం లెక్క రోజూ వస్తుంది. పూర్తి మట్టం 885 అడుగులు, నేటి మట్టం ఇంత, ఇన్‌ఫ్లో ఇంత, ఔట్‌ఫ్లో ఇంత. నాలుగు అంకెలే. మట్టం 854కు దిగిందంటే పోతిరెడ్డిపాడుకు నీళ్లు బాగా తగ్గుతాయని రైతుకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మన ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు ఎవరైనా చూసి వాడుకునేలా కోడ్ బయటపెట్టే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు చేసి గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెడుతున్నారు, సంతోషం. పని ఎంతవరకు వచ్చిందో వాడేవాళ్లకు చెప్పే తీరు మాత్రం ఆ నాలుగంకెలంత తేటగా ఉండటం లేదు.

కొత్త వెర్షన్ వచ్చిన రోజు చాలామంది కమిట్ లాగ్ (కోడ్ మార్చినప్పుడల్లా తమకోసం రాసుకున్న పొట్టి నోట్లు) మొత్తం తెచ్చి అతికిస్తారు. ‘ఎక్స్‌పోర్ట్ మాడ్యూల్‌లో నల్ చెక్’ అని ఉంటే రాజ్‌విహార్ సెంటర్‌లో డీటీపీ చేసుకునే మనిషికి ఏం తెలుస్తుంది? అదే సంగతి ఇలా రాయాలి: ‘ఫైలు పేరు తెలుగులో ఉంటే పీడీఎఫ్ చేసేటప్పుడు ప్రోగ్రామ్ మూతపడేది. 2.3.1లో సరిచేశాం. పాత ఫైళ్లను మళ్లీ సేవ్ చేయక్కర్లేదు.’ ఏం జరిగేది, ఏ వెర్షన్‌లో పోయింది, నేనేం చేయాలి, మూడూ వచ్చేశాయి. తప్పు సరిచేసిన రోజే ఈ వాక్యాన్ని చేంజ్‌లాగ్‌లో, అంటే వాడేవాళ్ల కోసం రాసే మార్పుల జాబితాలో, ‘ఇంకా విడుదల కానివి’ కింద రాసి పెట్టుకోవాలి. ల్యాబ్ రికార్డును ఆఖరి రోజు రాసినట్టు విడుదల రోజుకు వదిలేస్తే ఏదీ గుర్తుండదు, కమిట్ లాగే దిక్కవుతుంది.

వెర్షన్ అంకెలతో జాగ్రత్త. 2.3.1లో చివరి అంకె మారితే తప్పులు దిద్దారని, నడిమిది మారితే కొత్త సౌకర్యం చేరిందని, మొదటిది మారితే పాతదానితో పొసగదని అర్థం. ఫైల్ ఫార్మాట్ మార్చేసి చివరి అంకె ఒక్కటే పెంచితే, వాడేవాళ్లు బ్యాకప్ తీయకుండానే అప్‌డేట్ కొడతారు. పక్క సిస్టంలో పాత వెర్షన్ ఉంటుంది, అందులో ఆ ఫైలు తెరుచుకోదు. కొందరు వెర్షన్ అంకెగా ఏడాది, నెల పెడతారు: ఉబుంటు ఆపరేటింగ్ సిస్టం 24.04 అంటే 2024 ఏప్రిల్. ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ కూడా 2024లో 24.2తో ఈ పద్ధతికి మారింది. ఇలాంటి అంకె వయసు చెబుతుంది గానీ ప్రమాదం చెప్పదు, కాబట్టి బ్యాకప్ మాట మొదటి వరుసలోనే ఉండాలి.

తేదీ మాట ఇచ్చి తప్పడం కన్నా దశ చెప్పడం మేలు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టం మూలభాగమైన కెర్నల్‌లో రెండు వారాలు కొత్త కోడ్ చేర్చుకుని ఆపేస్తారు. ఆపైన వారానికో ఆర్‌సీ, అంటే విడుదలకు ముందు పరీక్షించే వెర్షన్. ఆర్‌సీ7 వచ్చిందంటే విడుదల దగ్గర పడిందని, ఆర్‌సీ8 వస్తే ఇంకో వారం ఆగాలని తెలిసిపోతుంది. లినక్స్‌తోనే నడిచే డెబియన్ వాళ్లు విడుదలకు అడ్డుపడే బగ్‌ల సంఖ్యను అందరికీ కనబడేలా ఉంచుతారు. మన పిల్లలూ నెలకోసారి అంతే చేయొచ్చు: వచ్చిన ఫిర్యాదులు, తీర్చినవి, మిగిలినవి. ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో, నిల్వ. మిగిలినవాటిలో డేటా పోగొట్టేది ఒక్కటున్నా దాన్ని అన్నింటికన్నా పైన, తెలుగులో రాయాలి. భద్రతా లోపమైతే మాత్రం ముందు దిద్దిన వెర్షన్ ఇచ్చి ‘వెంటనే అప్‌డేట్ చేయండి’ అనాలి. వివరాలు తర్వాత.

చదువైపోయి ఉద్యోగానికి పోతే ప్రాజెక్టు ఆగడం సహజం, తప్పేమీ కాదు. చెప్పకుండా ఆపడమే తప్పు. దాన్ని నమ్ముకుని లెక్కలు రాసుకునే దుకాణం ఎక్కడో ఒకటి ఉంటుంది. ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైలు మొదటి వరుసలో ఇంత రాసి, ఆ తర్వాత గిట్‌హబ్‌లో ఆర్కైవ్ చేసి (ఇక మార్చడానికి వీల్లేకుండా మూసి) పోండి: ‘ఈ నెల నుంచి దీన్ని చూడటం లేదు. మీ డేటాను ఎక్సెల్ లాంటి వాటిలో తెరుచుకునే సీఎస్‌వీ ఫైలుగా ఇలా బయటికి తీసుకోండి.’

ఓపెన్ సోర్స్ డెవలపర్, కర్నూలు