గాడి మూయకముందే గేజు చూడండి

సంపాదకులకు,

ఫ్లాట్‌లో బాత్‌రూమ్ పైపులు మార్పించిన నెలకో రెండు నెలలకో కింది ఇంటి సీలింగ్ మీద పసుపు మరక తేలుతుంది. పైవాళ్లు ప్లంబర్‌ను తిడతారు, కిందివాళ్లు సీలింగ్‌కు వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొట్టిస్తారు. తిట్టినా నష్టం లేదు కానీ, ఆ పెయింట్ మాత్రం వద్దు. పైనుంచి నీరు దిగుతూనే ఉంటే కింద పూత దాన్ని శ్లాబులోనే ఆపేస్తుంది. లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. ఫ్యాన్ బాక్సు నుంచో లైటు పాయింటు నుంచో నీరు కారుతుంటే మిగతా ఆలోచనలన్నీ పక్కనపెట్టి ముందు ఆ గది ఎంసీబీ (బోర్డులో కరెంటు ఆపే స్విచ్) దించేయాలి.

నీరు ఎటునుంచి వస్తోందో తేల్చకుండా టైల్స్ పగలగొట్టించడం మరో పొరపాటు. నీరు దిగడానికి మూడే దారులు. కొళాయిలకు నీరిచ్చే సప్లై పైపులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది గనక అది కారితే ఇంట్లో ఎవరూ లేని రోజుల్లోనూ చెమ్మ పెరుగుతుంది. సెకనుకు ఒక్క చుక్క చొప్పున కారినా రోజుకు నాలుగు లీటర్లు దాటుతుంది. డ్రైన్ పైపు జాయింటు అయితే వాడినప్పుడే తడి కనిపిస్తుంది. నేల వాటర్‌ప్రూఫింగ్ చెడితే స్నానాలయ్యాక కొన్ని గంటలకు నెమ్మదిగా దిగుతుంది.

పరీక్షలు కూడా ఇదే వరసలో చేయాలి. ఫ్లష్ ట్యాంకుకు నీరిచ్చే చిన్న వాల్వు (యాంగిల్ కాక్)తో సహా అన్ని కొళాయిలూ కట్టేసి, మీటరు అంకె రాసుకుని, రెండు గంటల తర్వాత చూడాలి. అంకె కదిలితే తప్పు సప్లైదే. మీటరు లేకపోతే ఒక కొళాయి తీసి అక్కడ ప్రెషర్ గేజు బిగించి, లైను వాల్వు కట్టేయాలి. ముల్లు పడిపోతుంటే ఎక్కడో కారుతున్నట్టే. వాల్వే సరిగా మూసుకోకపోతే మాత్రం ఈ పరీక్షను నమ్మలేం. సప్లై బాగుందని తేలాక ఒక్కో డ్రైన్‌లో ఒక్కో బకెట్ పోసి, ప్రతిసారీ అరగంట ఆగి, కింద ఒకరు చూస్తుండాలి. చివరికి నహానీ ట్రాప్ (నేలమీది నీరు పోయే జాలీ రంధ్రం) మూసేసి నేలమీద 25 మిల్లీమీటర్ల నీరు నిలిపి, గోడమీద గీత పెట్టి 24 నుంచి 48 గంటలు ఉంచాలి. ఈ మధ్యలో కింద తడి కనిపిస్తే వెంటనే నీరు వదిలేయాలి.

గోడలో కొత్తగా వేసిన పైపు కారడానికి కారణం చాలాసార్లు పైపు కాదు, జాయింటు. సీపీవీసీకి (వేడినీటినీ తట్టుకునే ప్లాస్టిక్ పైపు) దాని సాల్వెంట్ సిమెంటే, అంటే అతికించే జిగురే వాడాలి, పీవీసీ డబ్బా మిగిలింది కదా అని పూసేయకూడదు. కోసిన అంచుమీది పొట్టు గీకేసి, పైపునూ ఫిట్టింగునూ పొడిగా తుడిచి పూయాలి. పైపును పావు చుట్టు తిప్పుతూ చివరిదాకా తోసి, అర నిమిషం వదలకుండా పట్టుకోవాలి. తోసి వదిలేస్తే పైపు కొద్దిగా వెనక్కి జరుగుతుంది, ఆ ఖాళీలోనే ఊట మొదలవుతుంది. ఇత్తడి మర ఉన్న చోట ప్లాస్టిక్ ఫిట్టింగు పెట్టి, టెఫ్లాన్ టేపు మందంగా చుట్టి బలంగా బిగిస్తే కంటికి కనపడని చీలిక వస్తుంది, కొన్ని వారాలకు విచ్చుకుంటుంది. లోపల ఇత్తడి ఉన్న ఫిట్టింగులు ఇందుకే ఉన్నాయి. పాత కొళాయి విప్పేటప్పుడు స్పానరు బలం గోడలోని ఎల్బో (పైపు మలుపు ఫిట్టింగు) మీద పడుతుంది. కొళాయి మాత్రమే మార్చిన ఇంట్లో గోడ చెమర్చడం ఇలాగే జరుగుతుంది.

వీటిలో చాలా తప్పులను మొదట్లోనే పట్టిచ్చే పరీక్ష ఒకటుంది. చాలామంది దాన్నే వదిలేస్తారు. పైపు కోసం గోడలో కొట్టిన గాడిని సిమెంటు మాలుతో మూయకముందు, జాయింట్లు వేసి ఒక రోజు ఆగాక, కొళాయిల స్థానంలో ప్లగ్గులు బిగించి లైనులో నీరు నింపాలి. గాలంతా బయటికి పోనివ్వాలి. తర్వాత చేతిపంపుతో రోజువారీ ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి కనీసం గంటసేపు గేజు చూడాలి. మొదట ముల్లు కాస్త దిగడం మామూలే. ఒకసారి మళ్లీ నింపాక కూడా దిగితే ప్రతి జాయింటునూ వేలితో తడిమి చూడాలి. నీటికి బదులు కంప్రెసర్ గాలి ఎక్కించడం వద్దే వద్దు, ప్లాస్టిక్ పైపు పగిలితే ముక్కలు ఎగిరిపడతాయి. పై ట్యాంకు నుంచి ప్రతి పది మీటర్ల ఎత్తుకు ఇంచుమించు ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది. పై అంతస్తులో నిలిచిన జాయింటు కింది అంతస్తులో కారడంలో వింతేమీ లేదు. గాడి మూసేముందు పైపుల పక్కన కొలత టేపు పెట్టి ఫొటోలు తీసి ఉంచుకుంటే రేపు టవల్ రాడ్డుకు రంధ్రం వేసేవాడు పైపును పొడవడు.

పైపు గట్టిగానే ఉన్నా గాడి కొట్టినప్పుడు పాత వాటర్‌ప్రూఫ్ పొర తెగుతుంది. పైపు చుట్టూ సందును కుంచించుకుపోని గ్రౌటుతో నింపి, గోడ, నేల కలిసే మూలను మాలుతో వంపుగా చేసి, పాలిమర్ సిమెంటు పూత రెండుసార్లు, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వేయాలి. గోడమీద అడుగు ఎత్తు వరకు, షవర్ దగ్గర ఆరడుగుల వరకు. కొళాయి వెనక గోడకు ఆనే గుండ్రటి బిళ్ల (ఫ్లాంజి) చుట్టూ సిలికాన్ పెట్టకపోతే షవర్ నీరే గోడలోకి పోతుంది, నింద పైపు మీద పడుతుంది.

అంతా సరిచేశాక కూడా కింద తడి ఆరకపోతే కంగారుపడి మళ్లీ పగలగొట్టిస్తారు. బాత్‌రూమ్ కింద లోతుగా దింపి వేసే సంకెన్ శ్లాబు మీద నింపిన ఇటుక ముక్కల్లో నీరు నిలిచి ఉంటుంది. దానికి బయటికి పోయే గొట్టం లేకపోతే వారాల తరబడి మెల్లగా దిగుతూనే ఉంటుంది. అదీ లీకు ఉన్నచోటికి సరిగ్గా కింద కాదు. కరెంటు పైపు వెంట నడిచి ఎక్కడో మూలలో తేలుతుంది. గోడైతే నెలకు 25 మిల్లీమీటర్ల లెక్కన ఆరుతుందనేది స్థూలమైన అంచనా. ఒకవైపు టైల్స్ ఉన్న నాలుగున్నర అంగుళాల గోడ రెండోవైపు నుంచే ఆరాలి గనక నాలుగైదు నెలలు పట్టవచ్చు. అప్పటిదాకా పుట్టీ, రంగు వేయకూడదు. పైకి తేలిన తెల్లటి ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి, కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. ఆరిందో లేదో చూడాలంటే అడుగు చదరం పాలిథిన్‌ను నాలుగువైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచాలి. గోడవైపు చెమరిస్తే ఇంకా ఆరలేదు. గదివైపు చెమరిస్తే అది గది గాల్లోని తేమ, కిటికీ తెరవాలి.

మరమ్మతు అయిన రోజే మరక అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయాలి. రెండు మూడు వారాల్లో మరక గీత దాటకపోతే మిగిలింది పాత నీరే. దాటితే వెతకాల్సింది మొదట చెప్పిన మూడు దారుల్లో మిగిలిన రెండింట్లో.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజనీరు