పిన్నుల డబ్బా బోర్లాపడిన వైనం

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. జవాబు లేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, తప్పు నాదే. ఈ మూడు వారాలూ నేనేం వెలగబెట్టానో తెలిస్తే ఇంకో నాలుగు తిట్లు కలుపుతావులే. తాళాల లోపలుండే పిన్నులు ఏరాను. రోజూ రాత్రి దీపం కింద కూర్చుని, బియ్యపు గింజంత లోహపు ముక్కల్ని ఒక్కొక్కటే ట్వీజర్‌తో ఎత్తడం, కొలవడం, గడిలో వేయడం. ఎనిమిది వందల పైచిలుకు.

నా దగ్గర గళ్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉందని చెప్పాను కదా. దాని మూత గళ్ల గోడలకు పూర్తిగా ఆనదు, పైన కాస్త సందు ఉంటుంది. నిలబెట్టి ఉంచినన్నాళ్లూ ఆ సంగతి తెలియలేదు. ఒకరోజు బల్ల మీంచి తీస్తుంటే చెయ్యి జారి బోర్లాపడింది. మూత ఊడలేదు, ఒక్క పిన్ను కూడా బయటికి రాలేదు. హమ్మయ్య అనుకుని తిప్పి చూద్దును కదా, ఏ గడిలోది ఆ గడిలో లేదు. రెండేళ్లుగా పోగేసినవన్నీ ఆ సందులోంచి పక్కింటికీ ఎదురింటికీ కాపురాలు మార్చేశాయి. నువ్వు ఫోటోలో చూసి "ఏంట్రా ఈ ఇత్తడి గుట్ట" అని అడిగింది దాన్నే.

"తాళాలు తెరవడం సరదా అంటే అర్థమవుతుంది, పిన్నులు ఏరడంలో ఏముంది" అని కూడా రాశావు. దానికి కాస్త వివరంగా చెప్పాలి, ఓపిక పట్టు.

మామూలు తాళం నీకు తెలుసు. 1861లో లైనస్ యేల్ జూనియర్ పేటెంట్ తీసుకున్న ఆ పద్ధతే ఇప్పటికీ సగం తలుపులకు ఉంది. మధ్యలో తిరిగే ప్లగ్గు, దాని చుట్టూ కదలని గొట్టం, రెంటినీ కలుపుతూ పైనుంచి కిందికి రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో కింద ఒక పిన్ను, దాని మీద ఇంకో పిన్ను, ఆపైన స్ప్రింగు. సరైన తాళంచెవి పెడితే రెండు పిన్నుల మధ్య అతుకు సరిగ్గా ప్లగ్గు అంచుకు వచ్చి ఆగుతుంది. అన్ని రంధ్రాల్లోనూ అలా ఆగితేనే ప్లగ్గు తిరుగుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది లెక్క. ష్లేజ్ అనే అమెరికా కంపెనీ తాళమే తీసుకో. ప్లగ్గు వ్యాసం 0.500 అంగుళం. తాళంచెవి మీద సున్నా నంబరు కోత దగ్గర మిగిలే లోహం ఎత్తు 0.335. దాని మీద కూర్చోవాల్సిన కింది పిన్ను 0.165. కూడి చూడు, సరిగ్గా అర అంగుళం. ఆ తర్వాత నంబరు పెరిగిన కొద్దీ కోత 0.015 లోతవుతుంది, పిన్ను అంతే పొడుగవుతుంది. తొమ్మిదో నంబరుకు వచ్చేసరికి లోహం 0.200, పిన్ను 0.300. మళ్లీ అర అంగుళమే. ఈ లెక్క తెలిశాక గుట్టలోంచి ఏ పిన్ను తీసి కొలిచినా అది ఎన్నో నంబరుదో దానంతటదే చెబుతుంది. 0.211 వచ్చిందనుకో, అది మూడు, అసలు కొలత 0.210. ఆ మిగిలిన ఒక్క థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు, పొడవులు కొలిచే నా కాలిపర్ ఎక్కువ చెప్పిందని అర్థం.

కాలిపర్‌తో కూడా ఓ తిరకాసు ఉంది. పిన్ను మొన కోసుగా ఉంటుంది కాబట్టి దవడల మధ్య నిటారుగా నిలబడదు, రవ్వంత వాలిపోతుంది. వాలితే కొలత ఎక్కువ చూపిస్తుంది. అందుకే మూడుసార్లు కొలిచి, వచ్చినవాటిలో తక్కువదాన్ని నమ్ముతాను. మొదట్లో ఈ సంగతి తెలియక, రాత్రి రెండు నంబరని వేసిన పిన్ను పొద్దున్నే మూడు నంబరయ్యేది. పిచ్చెక్కిందేమో అనుకున్నాను.

మామూలు పిన్నుల్ని ఏరడం మూడు రోజుల్లో అయిపోయింది. ముందు అయస్కాంతం ఆడించాను. ఇత్తడివి కదలవు, ఉక్కువి వచ్చి అతుక్కుంటాయి. అవి డ్రిల్లుకు లొంగకుండా పెట్టిన గట్టి పిన్నులు కాబట్టి వేరే గడి. తర్వాత మొన ఉన్నవి కిందివి, రెండు పక్కలా చదునుగా ఉన్నవి పైవి. పైవాటిలో నడుము సన్నగా దారపు రీలులా ఉండేవి, ఒంటినిండా గీతలు పడినవి కొన్ని ఉంటాయి. తాళం కెలికేవాడికి "తెరుచుకుంటోంది" అన్న భ్రమ కలిగించి మధ్యలో ఇరికించడానికి వాటిని అలా చేస్తారు. ఇక మిగిలినవాటిలో రేకు ముక్కల్లాంటి పలచటి బిళ్లలు కొన్ని దొరికాయి. చెత్తనుకుని ఊదెయ్యబోయాను. తీరా చూస్తే మాస్టర్ బిళ్లలు! రెండు పిన్నుల మధ్య ఇది ఒకటి పెడితే అతుకులు రెండవుతాయి, ఒకే తాళం గది తాళంచెవికీ మాస్టర్ తాళంచెవికీ తెరుచుకుంటుంది. వీటిలోనే ఒక బలహీనత ఉందని 2003లో మాట్ బ్లేజ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త బయటపెట్టాడు. ఒక తాళం, దాని మామూలు తాళంచెవి చేతిలో ఉంటే చాలు, కొన్ని ఖాళీ తాళంచెవులు అరగదీసి మాస్టర్ ఎలా ఉంటుందో కనిపెట్టొచ్చని. తాళాల పనివాళ్లకు ఆయన మీద భలే కోపం వచ్చింది, మా ఇంటిగుట్టు రచ్చకీడ్చాడని.

అసలు కథ మెడెకో పిన్నుల దగ్గర మొదలైంది. అమెరికాలో వర్జీనియా కంపెనీ అది, 1968లో పెట్టారు. వాళ్ల తాళంలో పిన్ను పైకి లేస్తే సరిపోదు, తన చుట్టూ తాను తిరగాలి కూడా. తాళంచెవి మీద కోతలు కొన్ని అడ్డంగా తిన్నగా, కొన్ని ఎడమకు, కొన్ని కుడికి ఏటవాలుగా ఉంటాయి. ఏటవాలు 20 డిగ్రీలు. పిన్ను మొన కోసుగా కాకుండా ఉలి అంచులా ఉంటుంది. అది ఆ కోతలో కూర్చోగానే పిన్ను మొత్తం ఆ వైపు తిరుగుతుంది. పిన్ను పక్కన నిలువుగా ఒక సన్నటి గాడి ఉంటుంది. ప్లగ్గు పక్కన సైడ్‌బార్ అని ఒక కడ్డీ, దానికి చిన్న చిన్న కాళ్లు. అన్ని పిన్నుల గాళ్లూ ఆ కాళ్ల ఎదురుగా వచ్చి నిలబడితేనే కడ్డీ లోపలికి దిగుతుంది. లేదంటే ఎత్తులన్నీ సరిగ్గా ఉన్నా ప్లగ్గు ససేమిరా కదలదు.

అంటే ఏరేవాడికి పొడవు ఒక్కటే తెలిస్తే చాలదు. పాత మోడల్‌కు పొడవులు ఆరు, కోణాలు మూడు, మొత్తం 18 రకాలు. కోణం తెలియాలంటే పిన్నును మొన పైకి పెట్టి, గాడి నా వైపు తిప్పి, భూతద్దంలో పైనుంచి చూడాలి. ఉలి అంచు తిన్నగా నా ముక్కుకేసి వస్తుంటే అది సెంటర్. ఎడమకో కుడికో ఒరిగి ఉంటే ఆ పక్కది. బాగానే ఉంది కదా? నాలుగు రాత్రులు కూర్చుని అన్నీ వేరు చేశాను. 18 గళ్లకూ చీటీలు అంటించి, నా భుజం నేనే తట్టుకున్నాను.

ఇక్కడ నీకు ఇంకో మాట చెప్పాలి. ఇలాంటి తాళాలకు ఖాళీ తాళంచెవులు సాధారణంగా ఎవరికి పడితే వాళ్లకు అమ్మరు. చాలావరకు అధికారికంగా పేరు నమోదైన డీలరు దగ్గరే దొరుకుతాయి, అక్కడా నువ్వే యజమానివని రుజువు చూపించాలి. కాబట్టి నాలాంటి సరదారాయుడు కొత్త తాళంచెవి కోయించుకుని తాళానికి సరిపెట్టలేడు. ఉన్న తాళంచెవికి తగ్గట్టు పిన్నులే మార్చుకోవాలి. ఏరడం మీద ఇంత యావ అందుకే.

సరే, ఆరు పిన్నుల సిలిండర్ ఒకటి తీశాను. నా దగ్గరున్న ఇంకో తాళంచెవికి కోతలు చదివి, లోతు, కోణం కాగితం మీద రాసుకుని, కొత్త చీటీల గళ్లలోంచి ఆరు పిన్నులు తీసి ప్లగ్గులో వేశాను. తాళంచెవి దూర్చాను. ఆరు పిన్నుల తలలూ ప్లగ్గు అంచుతో సమానంగా, వేలు పెట్టి రాస్తే ఎక్కడా తగలనంత నున్నగా వచ్చాయి. పైపిన్నులు, స్ప్రింగులు, అన్నీ బిగించి తిప్పాను. కదల్లేదు. మళ్లీ విప్పాను, తుడిచాను, బిగించాను. కదల్లేదు. అలా ఐదుసార్లు. మా ఆవిడ వచ్చి చూసి, "తలుపే లేని తాళంతో ఇంత గొడవేంటండీ" అని లైటు ఆర్పకుండా వెళ్లి పడుకుంది.

ఆరోసారి విప్పినప్పుడు బుద్ధి వచ్చి సైడ్‌బార్ కూడా తీసేశాను. తాళంచెవి లోపలే ఉంచి, కడ్డీ కూర్చునే సందులోంచి టార్చి వేసి చూశాను. అక్కడ నిలువుగా ఆరు గాళ్లు వరసగా కనిపించాలి. రెండే కనిపించాయి. మిగతా నాలుగు పిన్నులూ నునుపైన వీపు నాకేసి పెట్టి నిలబడ్డాయి. కాగితం తీసి చూశాను. ఆ కనిపిస్తున్న రెండూ సెంటర్‌వి. కనిపించని నాలుగూ ఎడమ, కుడి రకాలు.

అప్పుడు వెలిగిందిరా మామా. నేను పిన్నుల్ని మొన వైపు నుంచి చూశాను. తాళంలో మొన కిందికి ఉంటుంది, తాళంచెవి కోతల్ని మనం చూసేది పైనుంచి. అద్దంలో చూసినట్టే, నా ఎడమ దాని కుడి! సెంటర్‌కు ఎడమా కుడీ లేవు కాబట్టి ఆ రెండూ బతికిపోయాయి. నాలుగు రాత్రుల శ్రమలో ఒక్క పిన్ను కూడా తప్పు లేదు, చీటీలే తారుమారు. ఎడమ చీటీలు పీకి కుడికి, కుడివి ఎడమకు అంటించాను, పది నిమిషాల పని. నాలుగు పిన్నులు మార్చి మళ్లీ తిప్పితే, ఆ కడ్డీ లోపలికి దిగేటప్పుడు వచ్చే మెత్తటి "టిక్" ఉంది చూశావూ, చెవితో కన్నా వేళ్లతోనే ఎక్కువ వినిపిస్తుంది.

1985లో వచ్చిన మెడెకో బయాక్సియల్ మోడల్‌కైతే ఇది ఇంకో మెలిక. ఉలి అంచు పిన్ను నడిమధ్యన కాకుండా ముందుకో వెనక్కో జరిగి ఉంటుంది. కె, బి, క్యూ అనే గుర్తులవి ఒక జట్టు, ఎం, డి, ఎస్ గుర్తులవి ఇంకో జట్టు. అంటే 36 రకాలు. అవి ఒక సీసాలో మూతపెట్టి ఉన్నాయి, ఇంకా ముట్టుకోలేదు. వేరే డబ్బా కొన్నాకే. మూత గోడలకు ఆనే డబ్బా.

మల్-టి-లాక్ అని ఇజ్రాయెల్ వాళ్లది, 1973 నాటి కంపెనీ. అందులో పిన్నులోపల పిన్ను, దానికి మళ్లీ ఓ స్ప్రింగు. లోపలిది జారి పడిపోతే ఏ తల్లి బిడ్డో తేలదు. అబ్లాయ్ వాళ్లు నయం, ఫిన్లండ్‌లో ఎమిల్ హెన్రిక్సన్ 1907లోనే పిన్నులు, స్ప్రింగుల గోల లేకుండా తిరిగే బిళ్లలతో తాళం కనిపెట్టాడు. నాకు బిళ్లలు పెద్దగా ఎక్కలేదు. వరస తప్పకుండా తీసి దారానికి గుచ్చుకుంటే అయిపోతుంది, ఏరడానికేం ఉండదు.

ఇంకో తప్పు కూడా చేశాను, చెప్పకపోతే నిద్రపట్టదు. మామూలు తాళమే, బాగా వాడిన తాళంచెవి. ఒక కోత కొలిస్తే 0.284 వచ్చింది. మూడో నంబరు 0.290, నాలుగు 0.275. దగ్గరగా ఉన్నది మూడు కాబట్టి మూడో పిన్ను వేసి ఊరుకోవాలి. నేను తెలివి మీరి, మూడు థౌల తేడాతో పిన్నులుండే కిట్టులోంచి ఆ అరిగిన కోతకు అచ్చంగా అతికే పిన్ను వెతికి వేశాను. మూడు థౌలంటే ఓ తలవెంట్రుక మందం. అన్ని కోతలకూ అలాగే. తాళం వెన్నలా తిరిగింది. నెల తర్వాత అదే నంబర్లతో కొత్త తాళంచెవి కోయించి పెడితే మొరాయించింది. మొరాయించదా మరి, తాళంచెవికి వచ్చిన ముసలితనాన్ని తాళానికి నేర్పించాను కదా! అరిగిన తాళంచెవి నుంచి నంబరే తీసుకోవాలి, కొలత తీసుకోకూడదు.

నీ ఉత్తరం చివర్లో పాత సిలిండర్ ఒకటి ఉంది, తాళంచెవి పెడితే పట్టి పట్టి తిరుగుతోంది, పంపనా అన్నావు. పంపు. కానీ తలుపుకు వాడుతున్నది అయితే వద్దు. వాడకంలో ఉన్న తాళం మీద చెయ్యి వేయకూడదని పెట్టుకున్నాను, నీదైనా సరే. వేరేది బిగించుకున్నాకే దాన్ని పంపు. తాళంచెవి కూడా జత చెయ్యి, అరిగిందైనా ఫర్వాలేదు. ప్లగ్గు వెనక చిన్న క్లిప్పు కనిపిస్తుంది, దాన్ని మాత్రం సరదాకైనా పీకకు. పీకి ప్లగ్గు లాగావంటే పైపిన్నులు, స్ప్రింగులు చిచ్చుబుడ్డిలా లేస్తాయి. మొన్న నాది ఒకటి ఎగిరిపోతే గదంతా పాకి పాకి వెతికాను. రెండు రోజుల తర్వాత చొక్కా జేబులో దొరికింది.

ఇట్లు,
నీ పిన్నులోడు