కొత్త రికార్డు లేకపోయినా తరగని అభిమానం

సంపాదకులు గారికి నమస్కారం.

పాశ్చాత్య సంగీతాభిమానుల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. నల్లబట్టలు తొడుక్కుని, కళ్లకు కాటుక దిద్దుకుని, తల నెరిశాక కూడా గోతిక్ రాక్ (చీకటి, విషాదం నిండిన ఒక రకం రాక్ సంగీతం) కచేరీలకు వెళ్లేవారిని వ్యాసకర్త 'గడిచిపోయిన యవ్వనాన్ని పట్టుకుని వేలాడేవాళ్లు' అని ఒక్క మాటతో తేల్చేశారు. అందుకు ఉదాహరణగా ఇంగ్లండులోని లీడ్స్ నగరానికి చెందిన సిస్టర్స్ ఆఫ్ మెర్సీ బృందాన్ని చూపి, ఆ బృందం ఏనాడో రద్దయిపోయిందని కూడా రాశారు. ఆ పాటలను విద్యార్థి దశ నుంచి వింటున్నవాణ్ణి కనుక, ఆ తీర్పు ఎందుకు నిలవదో చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

1980లో లీడ్స్‌లో ఆండ్రూ ఎల్డ్రిచ్, గ్యారీ మార్క్స్ అనే ఇద్దరు యువకులు ఈ బృందాన్ని మొదలుపెట్టారు. ఉన్ని మిల్లులు, బట్టల మిల్లులు ఒకటొకటిగా మూతపడుతున్న కాలం అది. మిల్లు మూతపడితే ఊరు ఏమవుతుందో ఆజంజాహి మిల్లును ఎరిగిన వరంగల్ పాఠకులకు నేను విడమరచి చెప్పనక్కరలేదు. తొలి రికార్డులో డ్రమ్ములు వాయించింది ఎల్డ్రిచే. ఆ విద్య తనకు పట్టుబడదని తేలిపోయాక ఆయన ఒక చిన్న డ్రమ్ మెషిన్ కొని, దానికి 'డాక్టర్ అవలాంచ్' అని పేరు పెట్టి, పాడే పని తాను తీసుకున్నాడు. ఆ తర్వాత గిటార్ వాయించేవాళ్లు ఎందరో వచ్చారు, పోయారు. 1985లో ఇద్దరు ముఖ్యులు బయటికి వెళ్లి 'ది మిషన్' అనే వేరే బృందం కట్టుకున్నారు. పాడేది ఎల్డ్రిచే, దెబ్బ వేసేది యంత్రమే అన్నది మాత్రం ఈనాటికీ మారలేదు. యంత్రాన్ని బృంద సభ్యుడిగానే లెక్కగట్టి, దాని ఆరోగ్యం గురించి కుశల ప్రశ్నలు వేసే అభిమానులు ఉన్నారంటే వ్యాసకర్త నవ్వవచ్చు. నాకూ నవ్వే వస్తుంది, కానీ ఆ అభిమానుల్లో నేనూ ఒకణ్ణి.

అసలు విషయం ఇది. ఈ బృందం స్టూడియోలో తయారుచేసిన పూర్తి ఆల్బములు మూడే: 1985లో ఒకటి, 1987లో ఒకటి, 1990లో ఒకటి. ఆ తర్వాత రికార్డు కంపెనీతో తగాదా వచ్చి, ఆ కంపెనీకి ఇక పాటలు చేసేది లేదని ఎల్డ్రిచ్ భీష్మించాడు. 1997లో ఆ ఒప్పందం నుంచి విముక్తి దొరికినా కొత్త ఆల్బము రాలేదు. అంటే 1990 తర్వాత దుకాణంలో కొనుక్కోవడానికి కొత్త ఆల్బము ఏదీ లేదు. అయితే పాటలు పుట్టడం ఆగిపోలేదు. కొత్త పాటలు కట్టి వేదిక మీదనే పాడుతున్నారు, ముఖ్యంగా 2019 తర్వాత అలాంటివి చాలానే వచ్చాయి. అవి వినాలంటే హాలుకు వెళ్లాలి, లేదా వెళ్లినవారు రికార్డు చేసి తెచ్చిన గరగరల మధ్య చెవి రిక్కించి వినాలి. పాఠం అచ్చులో లేదు కనుక, ఈ చరణంలో ఆయన అన్నది ఈ మాటా ఆ మాటా అని అభిమానులు ఒకరి రికార్డింగుతో మరొకరిది పోల్చి చూసుకుంటారు. గడిచిన కాలాన్ని పట్టుకుని వేలాడేవాడికి 1987 నాటి రికార్డు ఇంట్లోనే ఉంది. టికెట్టు కొని, రైలెక్కి, ఇంకా ఎక్కడా అచ్చుకాని పాట కోసం బయలుదేరే అవసరం అతనికేమిటి?

నాకు ఈ పాటలు 1990ల మొదట్లో వరంగల్ ఆర్.ఇ.సి. (ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల) హాస్టల్లో చేతికందాయి. ఒక సీనియర్ అన్న దగ్గర వారి 1987 నాటి ఆల్బము 'ఫ్లడ్‌ల్యాండ్' క్యాసెట్ ఉండేది. దాన్ని రెండు డెక్కుల టేపురికార్డర్‌లో పెట్టి, పాత క్యాసెట్ మీదికి ఎక్కించుకున్నాను. ఎక్కించగా మిగిలిన చోట అంతకుముందున్న ఇళయరాజా పాట సగం పల్లవి నుంచి మొదలయ్యేది. ఆ ఆల్బము ముగిసిన ప్రతిసారీ ఆ సగం పల్లవి వినీవినీ, ఇప్పటికీ ఒకటి వింటే రెండోది దానంతటదే నోటికి వస్తుంది. ఆ బృందాన్ని నేను కళ్లారా చూసింది లేదు. అయినా చూడకుండానే వారి కచేరీలను ఏళ్ల తరబడి వెంబడించాను, ఎవరో విదేశంలో పట్టి పంపిన టేపుల ద్వారా, తర్వాత ఫోనులో.

కొమురవెల్లి మల్లన్న సన్నిధిలో ఒగ్గుకథ వినడానికి కూర్చున్నవారికి కథ తెలియక కాదు. మల్లన్న పెళ్లి ఎలా జరిగిందో చిన్నపిల్లలు సైతం చెబుతారు. సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందిన దివంగత చుక్క సత్తయ్య వంటి కళాకారుడు ఆ రాత్రి ఆ ఘట్టాన్ని ఎలా సాగదీస్తాడు, డోలు ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ ఎత్తుకుంటుంది అన్నది వినడానికే జనం కూర్చుంటారు. అక్కడి తాతలను యవ్వనం వదులుకోలేనివారని మనం అనం. పాత పాటను ఎల్డ్రిచ్ ఈసారి ఏ వేగంతో ఎత్తుకుంటాడో, ఏ చరణం మింగేస్తాడో చూడటానికి లీడ్స్ బృందం ముందు నిలబడేవారిది కూడా ఆ చెవే.

ఈ అభిమానంలో నాకు మరీ నచ్చేది, అది గుడ్డిది కాకపోవడం. తనది గోతిక్ సంగీతం కాదని ఎల్డ్రిచ్ ఏళ్లుగా చెబుతూనే ఉన్నాడు. అభిమానులు ఆ మాట విని తలూపి, మళ్లీ నల్లబట్టల్లోనే వస్తారు. వేదిక మీద పొగ ఎంత దట్టంగా వదులుతారంటే, డబ్బు పెట్టి వచ్చినవారికి ఒక్కోసారి మనిషి ఆనవాలు కూడా కనబడదు. గొంతు మునుపటిలా పలకడం లేదని కచేరీ నుంచి బయటికి వస్తూనే నిష్ఠూరంగా చెప్పుకుంటారు, మరుసటి ఏడాది టికెట్టు కూడా కొంటారు. ఫ్లెక్సీలు కట్టి, కటౌటుకు పాలు పోసి, సినిమా బాగోలేదన్నవాడి మీద కలబడే అభిమానాన్ని రోజూ చూస్తున్న మనకు, మెచ్చుకుంటూనే మొహం మీద తప్పు చెప్పగల ఈ అభిమానం వింతగా తోచడంలో ఆశ్చర్యం లేదు. వింతగా తోచిందని దాన్ని వెటకారం చేయడం మాత్రం పత్రికకు తగదు.

వేషం మీద వెటకారం ఎక్కడిదాకా పోగలదో కూడా వ్యాసకర్త తెలుసుకోవాలి. 2007 ఆగస్టులో ఇంగ్లండులోని బేకప్ అనే చిన్న పట్టణంలో సోఫీ లాంకాస్టర్ అనే 20 ఏళ్ల యువతిని, గోత్ వేషంలో ఉన్నందుకు, కుర్రాళ్ల గుంపు ఒక పార్కులో తన్ని కొట్టింది. ఆ దెబ్బలతోనే ఆమె మరణించింది. 2013లో గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు ఇటువంటి వేషధారణ కారణంగా జరిగే దాడులను ద్వేష నేరాలుగా నమోదు చేయడం మొదలుపెట్టారు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1992 నుంచి జరుగుతున్న గోతిక్ ఉత్సవానికి ఏటా సుమారు 20 వేల మంది వస్తారు; వారిలో పిల్లల బళ్లు తోసుకుంటూ వచ్చే తల్లిదండ్రులు ఉంటారు, నెరిసిన జుట్టుకు నల్లరంగు వేసుకున్నవారూ ఉంటారు. ఎవరికీ హాని తలపెట్టని ఆ జనాన్ని విడ్డూరంగా చూపించకుండానే వారి గురించి రాయవచ్చు.

నా విన్నపం చిన్నది. ఇకముందు ఇటువంటి సంగీతం గురించి వ్యాసం వేసేటప్పుడు, బొమ్మలో కనిపించే దుస్తుల కంటే ముందు పాటలను విన్నవారి చేత రాయించగలరు. హనుమకొండలోనూ అలాంటివారు ఉన్నారు, వెతికితే దొరుకుతారు. సిస్టర్స్ ఆఫ్ మెర్సీ రద్దు కాలేదు, 2023లో సుమారు 15 ఏళ్ల విరామం తర్వాత అమెరికాలో కూడా పర్యటించింది. కనుక ఆ వాక్యానికి సవరణను వచ్చే ఆదివారం అనుబంధంలోనే, వ్యాసం వచ్చిన పేజీలోనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నయీంనగర్, హనుమకొండ