2024–25 వార్షిక నివేదిక: ఈ ఏడాది మనం విన్నవి, ఆరబెట్టినవి

సభ్యులందరికీ నమస్కారం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన బెజవాడ జాజ్ బృందం ఏం చేసిందో రాయమన్నారు, రాస్తున్నాను. డబ్బు లెక్కలు కింద ఉన్నాయి. ముందు పాటల సంగతి.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక్క మాట. నెలకో ఆదివారం సాయంత్రం సత్యనారాయణపురంలో మన సభ్యుడి ఇంటి మేడ మీద గదిలో కలుస్తాం. ఒకరు ఆల్బమ్ తెస్తారు, మొదటి నుంచి చివరి దాకా వింటాం, మధ్యలో ఎవరూ మాట్లాడరు, ఫోన్లు గుమ్మం పక్కన బుట్టలో ఉంటాయి. అయ్యాక టీ తాగుతూ ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. ఫోన్ల నిబంధన మీద ఈసారి కూడా వాదన జరిగింది. నా మట్టుకు నాకు అది ఉండి తీరాలి. ఇంట్లో ఒక్కణ్ణే వింటుంటే మూడో పాటకల్లా లేచి ఏదో పని చూసుకుంటాను, పక్కన పదిమంది కదలకుండా కూర్చుంటే నేనూ కదలను, నాలుగో పాట కూడా చెవిలో పడుతుంది.

ఏప్రిల్‌లో ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' పెట్టాం. అందరూ వినేసిందే కదా మళ్లీ ఎందుకు అన్నవాళ్లున్నారు. 1959లో మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండే రోజుల్లో న్యూయార్క్‌లో తీసిన ఆల్బమ్ ఇది. మొదటి రోజు టేపు మిషన్ కాస్త నెమ్మదిగా తిరిగింది, దాంతో ఆ రోజు తీసిన మూడు పాటలు రికార్డు మీద ఉండాల్సినదానికంటే కొంచెం పై శ్రుతిలో వినబడేవి, 1992 దాకా అలాగే అమ్మారు. మన సభ్యుడొకరు వాళ్ల నాన్నగారి పాత ఎల్పీ తెచ్చారు, ఇంకొకరు తర్వాత వచ్చిన సీడీ తెచ్చారు. శ్రుతిపెట్టె మోగిస్తూ రెండూ ఒకదాని వెనక ఒకటి వేస్తే సీడీ శ్రుతికి అతుక్కుంది, ఎల్పీ అతకలేదు. చదివి తెలుసుకోవడం వేరు, చెవికి తగలడం వేరు. ఆ రోజు గదిలో అందరూ ఒక్కసారిగా 'అరె' అన్నారు.

అదే ఆల్బమ్‌లో 'సో వాట్' స్వరాలు మన ఖరహరప్రియ స్వరాలే అని తేలాక, అయితే ఇది రాగమేనా అని రాత్రి పదింటి దాకా వాదించుకున్నాం. కాదనే నా అభిప్రాయం. స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం అయిపోదు, అందులో మన గమకం లేదు, పైగా పదహారు బార్లు (బార్ అంటే ఇక్కడ నాలుగు దెబ్బల ఆవర్తం) అయ్యాక మొత్తం అర స్వరం పైకి జరిగి, ఎనిమిది బార్లు అక్కడ ఉండి, మళ్లీ కిందికి వస్తుంది. మన కచేరీలో తంబూరా మీటాక షడ్జం అలా జరగదు. కానీ ఖరహరప్రియ తెలిసిన చెవికి జాజ్‌లోకి రావడానికి దీన్ని మించిన గుమ్మం లేదు, కొత్తవాళ్లకి నేను ముందు ఇదే ఇస్తాను.

మేలో గదిలో ఉండలేకపోయాం. డాబా మీద నీళ్లు చల్లి, చాపలు వేసుకుని, ఏడు దాటాక పియానో వాయించే డేవ్ బ్రూబెక్ 'టైమ్ అవుట్' మొదలుపెట్టాం. ఆ రోజు ఒక సభ్యురాలు వాళ్ల అబ్బాయికి మృదంగం నేర్పే మాస్టార్ని తీసుకొచ్చారు. ఆయన జాజ్ ఎప్పుడూ వినలేదు. 'టేక్ ఫైవ్' మొదలైన కాసేపటికే ఆయన వేళ్లు మోకాలి మీద కదలడం మొదలైంది, పెదాలతో చప్పుడు లేకుండా 'తకిట తక, తకిట తక' అంటున్నారు. పాట అయ్యాక, 'ఖండచాపులో మనం తక ముందు వేసి తకిట వెనక వేస్తాం, వీళ్లు తిరగేశారండీ' అన్నారు. 'బ్లూ రోండో' తొమ్మిది దెబ్బల్ని 'తక తక తక తకిట' అని రెండోసారికే పట్టేశారు. బ్రూబెక్ ఆ నడకని 1958లో టర్కీ వీధుల్లో వాయించేవాళ్ల దగ్గర విన్నాడని, ఆ పర్యటనలోనే మన దేశానికీ వచ్చాడని చెబితే మాస్టారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెల నుంచి ఆయన మన సభ్యులు.

జూన్, జూలై, ఆగస్టు సమావేశాలు మామూలుగా జరిగాయి. జూలైలో విన్న బిల్లీ హాలిడే 'లేడీ ఇన్ శాటిన్' గురించి మాత్రం చెప్పాలి. గొంతు పూర్తిగా పోయాక పాడిన ఆల్బమ్ ఇది, ఎందుకు వినడం అని ఒకాయన అన్నారు. 1958లో పాడింది, మరుసటి ఏడాది జూలై 17న ఆవిడ పోయింది, గొంతు అరిగిన మాట నిజమే. రిటైరైన టీచరమ్మగారు ఒప్పుకోలేదు, మొదటి పాట మళ్లీ వెయ్యమన్నారు. రెండోసారి ఆ పాట విన్నాక ఆయన తన మాట వెనక్కి తీసుకోలేదు గానీ ఆ ఆల్బమ్ ఇంటికి తీసుకెళ్లారు.

ఇక సెప్టెంబర్. 1వ తారీఖు ఆదివారం బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచింది. అక్కడ కింది వాటాలో ఉండే మన సభ్యుడి కుటుంబాన్ని పడవ మీద బయటికి తెచ్చారు, వాళ్లు క్షేమంగా ఉన్నారు, అన్నిటికంటే ముందు అది. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే ఆయన ఇరవై ఏళ్లుగా కూడబెట్టుకున్న ఎల్పీలు అలమరలో బురదలో నాని, కవర్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. మొదటి ఆదివారం ఇల్లు కడగడంలో సాయపడ్డాం, రెండో ఆదివారం రికార్డులు మేడ మీదకి మోసుకొచ్చాం.

కవర్లు దక్కలేదు. రికార్డు మాత్రం ప్లాస్టిక్కే కాబట్టి నీళ్లకి చావదు, గాడిలో చేరిన ఇసుకే ప్రమాదం, రుద్దితే గీతలు పడతాయి. అందుకని ముందు ధారగా నీళ్లు వదిలాం, తర్వాత బకెట్‌కి రెండు చుక్కలు సబ్బు వేసి మెత్తటి గుడ్డతో గాడి వెంబడే తుడిచాం, మధ్యలో లేబుల్ కాగితం తడవకుండా అరచేతితో కప్పి పట్టుకున్నాం, చివర్లో ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాం. ఎండలో పెడితే వంకర పోతాయి, అందుకని మూడిళ్ల నుంచి గిన్నెల స్టాండ్లు తెచ్చి ప్లేట్లు నిలబెట్టినట్టు గదిలో నీడన నిలబెట్టాం. టీచరమ్మగారు తెల్ల కాగితంతో కొత్త కవర్లు కుట్టి, ఒక్కోదాని మీదా ఆల్బమ్ పేరు, వాయించినవాళ్ల పేర్లు తెలుగులో రాశారు.

ఆరాక మొదట వేసింది పియానో వాయించే బిల్ ఇవాన్స్ 'వాల్ట్జ్ ఫర్ డెబ్బీ'. 1961 జూన్ 25న న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే చిన్న క్లబ్బులో తీసింది, వెనకాల గ్లాసులు తగిలిన చప్పుడు, మనుషుల మాటలు వినబడుతూనే ఉంటాయి. బాస్ వాయించిన స్కాట్ లఫారో పదకొండు రోజులకే కారు ప్రమాదంలో పోయాడు, అతనికి పాతికేళ్లు. మన రికార్డులో ఇప్పుడు ఆ చప్పుళ్లతోపాటు బుడమేరు చిటపటలు కూడా ఉన్నాయి. రికార్డుల సొంతదారు కళ్లు తుడుచుకుని, రెండో వైపు కూడా వెయ్యమన్నారు.

అక్టోబర్‌లో మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్‌ని విన్నాం, ఆయన పోయి సెప్టెంబర్ 19కి పదేళ్లయింది. గిటార్ వాయించే జాన్ మెక్‌లాగ్లిన్, తబలా జాకీర్ హుస్సేన్, కంజీర సెల్వగణేశ్‌లతో కలిసి వాయించిన 'ది బిలీవర్'. నవంబర్ 12న డ్రమ్మర్ రాయ్ హేన్స్ పోయారు, 99 ఏళ్లు. ఆ నెల ఆయన 'అవుట్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్' వేశాం.

డిసెంబర్ 8న జాన్ కోల్‌ట్రేన్ 'ఎ లవ్ సుప్రీం', మర్నాటికి అది రికార్డయి సరిగ్గా అరవై ఏళ్లు. నాలుగో భాగం 'సామ్'లో కోల్‌ట్రేన్ సాక్సఫోన్ మీద వాయించేది తను రాసుకున్న ప్రార్థనే, కవరులో అచ్చయి ఉంటుంది, మాటకి మాట అలాగే వాయిస్తాడు. టీచరమ్మగారు కవరు ఒళ్లో పెట్టుకుని వరస వెంబడి వేలు జరుపుకుంటూ విన్నారు, మేం నలుగురం ఆవిడ భుజం మీంచి ఆ వేలునే చూస్తూ విన్నాం. నాటకంలో నటుడు పద్యం అందుకున్నప్పుడు రాగంలోంచి మాట తేలుతుంది కదా, ఇక్కడ మాట బయటికి రాకుండానే తేలుతుంది.

సరిగ్గా వారానికి, 15న, జాకీర్ హుస్సేన్ వెళ్లిపోయారు. జనవరిలో ఆయన వాయించిన 'శక్తి' బృందం మొదటి ఆల్బమ్, 1976 నాటిది, విన్నాం. ఆ రోజు టీ తర్వాత కూడా ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

లెక్కలు. చందా నెలకు వంద, పెంచడం లేదు. ఫిబ్రవరిలో బయటివాళ్ల కోసం పెట్టాలనుకున్న సభ ఆగిపోయింది. మనకిచ్చిన హాలును ఆఖరి నిమిషంలో పెళ్లికి ఇచ్చేశారు, అడ్వాన్స్ ఇంకా తిరిగి రాలేదు, నేను తిరుగుతూనే ఉన్నాను. వరదలో తడిసిన ప్లేయర్ బాగుచేయించి సూది కొత్తది వేయించాం, ఆ ఖర్చు చందాల్లోంచే పెట్టాం, ఎవరికైనా అభ్యంతరం ఉంటే నాకు చెప్పండి.

ఈ ఏడాది ఆడవాళ్ల ఆల్బమ్‌లు బాగా తక్కువ విన్నాం, ఆ మాట సభ్యురాళ్లు అన్నారు, నిజం. వచ్చే జూన్‌లో ఆలిస్ కోల్‌ట్రేన్ 'జర్నీ ఇన్ సచ్చిదానంద' ఖాయం, తంబూరా శ్రుతి మీద హార్ప్ వాయిస్తే ఎలా ఉంటుందో మాస్టారికి వినిపించాలి. వచ్చే ఏప్రిల్‌లో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం అమెరికాలో న్యూపోర్ట్‌లో చేసిన 1956 కచేరీ, పాల్ గొన్సాల్వెస్ సాక్సఫోన్ ఆపకుండా ఇరవై ఏడు ఆవృత్తాలు (పాట మొత్తం ఒకసారి తిరిగితే ఒకటి) వాయించిన కచేరీ అదే. ఎండలు మొదలయ్యాయి కాబట్టి ఈసారీ డాబా మీదే. చాపలు ఉన్నాయి, మంచినీళ్ల సీసా ఎవరిది వాళ్లు తెచ్చుకోండి.