రేడియేటర్‌లో తుప్పునీళ్లు

సంపాదకులకు,

రాయగడ నుంచి కొరాపుట్ వైపు ఘాట్ ఎక్కే పాత జీపులు వేడెక్కితే చాలామంది బోరునీళ్లు పోసి సాగిపోతారు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీసి రంగు చూడండి. ఇటుక రంగైతే లోపల తుప్పు. పైన మీగడలా నూనె తేలితే హెడ్ గ్యాస్కెట్‌నో (ఇంజిన్ బ్లాకుకీ, పైనుండే హెడ్‌కీ మధ్య సీలు) ఆయిల్ కూలర్‌నో (ఇంజిన్ ఆయిల్‌ను చల్లబరిచే భాగం) అనుమానించాలి. డిప్‌స్టిక్‌ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీదా అదే మీగడ కనిపిస్తే బండి స్టార్ట్ చేయొద్దు, బేరింగులు పోతాయి. ఆయిల్ మూత కింద కాస్త తెల్లటి నురగ మాత్రం తేమ వల్లా రావచ్చు. దానికే హెడ్ విప్పించుకోకండి.

ఉత్త తుప్పే అయితే పాతనీరు వదిలి, శుభ్రమైన నీళ్లతో థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) తెరుచుకునేదాకా నడిపి, చల్లారాక మళ్లీ వదలాలి. తేటగా వచ్చేవరకూ ఇదే పని. తర్వాత కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయాలి. తీసిన కూలెంట్ తియ్యటి విషం, పశువులు తిరిగేచోట పారబోయొద్దు.

— ఒక మెకానిక్, రాయగడ