సూపర్‌సిమెట్రీ వార్తల్లో షరతులూ రాయండి

సంపాదకుడు గారికి,

తెలిసిన ప్రతి కణానికీ ఒక జోడీ కణం ఉంటుందనే సూపర్‌సిమెట్రీ సిద్ధాంతం పని అయిపోయిందని మీ సైన్స్ పేజీలో శీర్షిక చూశాను. జెనీవా దగ్గరి లార్జ్ హాడ్రాన్ కొలైడర్ అనే, ప్రోటాన్లను ఢీకొట్టించే యంత్రంలో ఈ జోడీ కణాల కోసం వెతుకుతున్న అట్లాస్, సీఎంఎస్ బృందాలు ఆ మాట అనలేదు. గ్లూయాన్ అనే కణానికి జోడీ అయిన గ్లూయినో అనేది ఉంటే గింటే దాని ద్రవ్యరాశి సుమారు 2 టీఈవీకి (కణాల ద్రవ్యరాశిని చెప్పే కొలమానం) పైనే ఉండాలన్నాయి, అదీ కొన్ని షరతుల మీద. వార్తలో ఆ షరతులు రాలేదు. నా అభ్యంతరం అక్కడే.

ఆ జోడీల్లో అన్నిటికన్నా తేలికైనది డిటెక్టర్‌కు చిక్కకుండా వెళ్లిపోతుందని చాలా నమూనాలు చెబుతాయి. అందుకే దాన్ని నేరుగా వెతకరు. ప్రోటాన్లు ఢీకొన్నాక, పుంజానికి అడ్డంగా అన్ని వైపులా పోయిన మొమెంటం కూడితే సున్నా రావాలి. రాకపోతే ఏదో తప్పించుకుందన్నమాట. న్యూట్రినోలనే తెలిసిన కణాలూ ఇలాగే తప్పించుకుంటాయి కనుక ముందు వాటి వాటా తేల్చుకోవాలి. అసలు శ్రమంతా అందులోనే ఉంది. పైగా గ్లూయినోకీ ఆ తేలికపాటి కణానికీ ద్రవ్యరాశిలో తేడా తక్కువైతే, గ్లూయినో విచ్ఛిత్తిలో పుట్టే మిగతా కణాలకు దక్కే శక్తి కొంచెమే. మామూలు ఢీల రొదలో అవి కలిసిపోతాయి. అప్పుడా 2 టీఈవీ హద్దు చాలా కిందికి జారుతుంది. హిగ్స్ కణానికి జోడీలైన హిగ్సినోలే అన్నిటికన్నా తేలికైనవైతే, వాటి హద్దు 1 టీఈవీ దరిదాపుల్లోకే రాలేదు.

అలాగని శాస్త్రవేత్తలను వెనకేసుకు రావడం లేదు. 2010లో ప్రయోగాలు మొదలైనప్పుడు ఈ కణాలు త్వరలోనే బయటపడతాయని చాలామంది ఆశపెట్టారు. 2012లో హిగ్స్ కణం దొరికింది, ఇవి దొరకలేదు. హిగ్స్ ద్రవ్యరాశి అంత తక్కువగా ఉండాలంటే తేలికైన జోడీలు తప్పవన్న వాదన బాగా దెబ్బతింది, ఆ సంగతి గట్టిగా రాయాల్సిందే. ఇప్పుడు 91 కిలోమీటర్ల కొత్త కొలైడర్ ప్రతిపాదన ఉంది, తొలి దశకే సుమారు 1,500 కోట్ల స్విస్ ఫ్రాంకులు. ఆ దశలో అది ప్రధానంగా హిగ్స్‌ను కచ్చితంగా కొలిచే యంత్రం. డబ్బు అడిగేవాళ్లు ఆ పని చెప్పే అడగాలి, సూపర్‌సిమెట్రీ ఆశ చూపి కాదు.

ఇకపై ఇలాంటి ఫలితం వచ్చినప్పుడు ఏ కణం, ఏ షరతు, ఎంత డేటా అన్నది ఒకటి రెండు వాక్యాల్లో చేర్చండి. శీర్షిక కాస్త చప్పగా ఉన్నా ఫర్వాలేదు.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు