ఆ కూలిన విమానం కథ కూడా మామునూరులో చెప్పాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టు గురించి మీ పత్రికలో వచ్చే వార్తలన్నీ కత్తిరించి దాచుకుంటున్నాను. చిన్నప్పుడు బాపు నన్ను సైకిల్ ముందర రాడ్ మీద కూర్చోబెట్టుకొని ఖమ్మం రోడ్డు మీదుగా అక్కడికి తీసుకుపోయేవాడు. విమానం కనబడని రోజులే ఎక్కువ. ఉత్త రన్‌వే చూసి వచ్చినా మాకు సంబురమే. నిజాం కాలంలో 1930లో కట్టిన ఆ ఎయిర్‌పోర్టు 1981లో మూతపడింది. ఇప్పుడు మళ్లీ తెరుస్తామంటున్నారు కాబట్టి, కొత్త టెర్మినల్ కట్టేవాళ్లకు మీ ద్వారా ఒక మనవి.

కొన్నేళ్ల కింద అమెరికాలో, వర్జీనియాలో ఉంటున్న మా బిడ్డ దగ్గరికి వెళ్లాను. అక్కడి డల్లెస్ ఎయిర్‌పోర్టు పక్కనే స్మిత్సోనియన్ వాళ్ల ఉడ్వర్ హేజీ మ్యూజియం ఉంది. అందరూ డిస్కవరీ స్పేస్ షటిల్ దగ్గర ఫొటోలు దిగుతుంటే నేను ఒక చిన్న బిజినెస్ జెట్ దగ్గర ఆగిపోయాను. అది లియర్‌జెట్ 23. అమ్మడానికి చేసినది కాదు, టెస్టింగ్ కోసం తయారుచేసిన రెండో ప్రొటోటైప్. మరి మొదటిది ఏమైంది? మా అల్లుడు వచ్చి పిలిచేదాకా నా మనసు దాని మీదే ఉంది.

కార్ల రేడియోలతో, విమానాల ఆటోపైలట్లతో పేరు తెచ్చుకున్న బిల్ లియర్ తన డబ్బంతా ఈ జెట్ మీద పెట్టాడు. మొదటి ప్రొటోటైప్ 1963 అక్టోబర్ 7న విచిటాలో ఎగిరింది. 1964 జూన్ 4న ప్రభుత్వ పైలట్ దాన్ని, అమ్మకాలకు అనుమతినిచ్చే సర్టిఫికెట్ కోసం పరీక్షిస్తున్నాడు. రెండు ఇంజన్ల విమానం టేకాఫ్‌లో ఒకటి ఆగిపోయినా రెండోదానితో పైకి లేవాలి, అదీ ఆ పరీక్ష. అప్పుడు రెక్కల మీది స్పాయిలర్లు లేచే ఉన్నాయి. విమానం దిగాక లిఫ్ట్‌ను, అంటే విమానాన్ని పైకి లేపే బలాన్ని, తగ్గించడానికి పైకెత్తే పలకలవి. ఇంజన్ల శక్తి సగమే ఉంది, పైగా రెక్కల మీద గాలి ప్రవాహం చెడిపోయింది. ఇక ఎలా లేస్తుంది? పొలంలో దిగి కాలిపోయింది. లోపలివాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు.

లోపం విమానం డిజైన్‌లో లేదని తేలింది. ఇన్సూరెన్స్ డబ్బు చేతికొచ్చింది, పరీక్షల పని రెండో ప్రొటోటైప్ అందుకుంది. ఎనిమిది వారాలకే, జూలై 31న, సర్టిఫికెట్ వచ్చింది. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పిన నాకు ఆ ఎనిమిది వారాలు ఎంత పెద్ద పాఠమో మాటల్లో చెప్పలేను.

మనకూ ఇలాంటి చరిత్ర ఉంది. బెంగళూరులో విమానాల మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఏఎల్ తయారుచేసిన చిన్న ప్రయాణికుల విమానం సారస్ 2004 మే 29న మొదటిసారి ఎగిరింది. 2009 మార్చి 6న దాని రెండో ప్రొటోటైప్ గాలిలో ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసే పరీక్షలో బెంగళూరు శివార్లలోని బిడది దగ్గర కూలింది. ఇద్దరు పైలట్లు, ఒక ఇంజనీర్ చనిపోయారు. ముగ్గురూ మన వాయుసేన అధికారులే. ఇంటర్ పిల్లలను అడిగి చూశాను, ఒక్కరికీ తెలియదు. అది విని నాకు చాలా బాధ కలిగింది.

మన ఊళ్లలో ప్రదర్శనకు పెట్టేవి ఎక్కువగా పాత యుద్ధ విమానాలే. అవీ ఉండాలి. కానీ మామునూరు టెర్మినల్‌లో ఒక మూల టెస్ట్ విమానాలకు కేటాయించండి. అసలు విమానం దొరక్కపోతే సారస్ పెద్ద నమూనా అయినా పెట్టండి. ఏ పరీక్షలో ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎవరు ప్రాణాలిచ్చారు అన్నది దాచకుండా తెలుగులో, పదో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా రాయించండి. రాసే పని నాకిచ్చినా పైసా తీసుకోకుండా చేస్తాను.

— ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, హన్మకొండ